సదరు సీతమ్మ చెవులు

పులివెందుల,
9-9-2024.

గౌరవనీయులు గురురాజారావు గారికి నమస్కారాలు.

మీ శ్రీమతి సీతమ్మ గారు కిందటి నెల కాలం చేసినందుకు మా అందరి సానుభూతి తెలుపుకుంటున్నాను. ఆమె బతికి ఉండగా మా ప్రొద్దుటూరు శిబిరంలో ఇచ్చిన మాట ప్రకారం, మీ అబ్బాయి ఫణికుమార్ గారి సంతకంతో, ఆమె చెవులు రెండూ మా కేంద్రానికి క్షేమంగా చేరాయి.

చెవుడు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఎందుకు వస్తుందో మేము పరిశోధిస్తున్నాము. ఇలాంటి దానాలు లేనిదే ఈ పని ముందుకు సాగదు. మీ ఇళ్ళలో ఇంకెవరికైనా వినికిడి లోపం ఉంటే దయచేసి తెలియజేయండి. ఫోను చేద్దామనుకున్నాను గానీ, మీరు ఫోనులో మాట్లాడరనీ, ఏ విషయమైనా కాగితం మీద ఉంటేనే నమ్ముతారనీ మీ అబ్బాయి చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

కృతజ్ఞతలతో,
డాక్టర్ షబీనా,
చెవి వ్యాధుల పరిశోధన విభాగం.

*

జమ్మలమడుగు,
14-9-2024.

డాక్టరమ్మ షబీనా గారికి, జమ్మలమడుగు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందర ముప్పై ఎనిమిదేళ్ళు దస్తావేజులు రాసి, కళ్ళు సహకరించక మానుకున్న గురురాజారావు ఆశీస్సులతో వ్రాయునది.

మీ ఉత్తరం చదివి మంచినీళ్ళు తాగాను. మళ్ళీ చదివి మళ్ళీ తాగాను. క్షేమంగా చేరాయని రాశారు. చెవులు చేరడమేందమ్మా? సెంటు స్థలం చేతులు మారాలన్నా ఇద్దరు సాక్షులు ఉండాలి. మా సీతమ్మ చెవులు నాకు తెలియకుండా పులివెందులకు పోయినాయా?

ఫణిని నిలదీశాను. "అమ్మ శానా కాలం కిందనే రాసిచ్చింది నాయనా. నీకు చెప్పొద్దనింది. ఆసుపత్రిలో పోయిన పూటే ఆడ తీసుకున్నారు" అన్నాడు. పదో రోజు దాకా కర్మలన్నీ సదరు చెవులు లేకుండానే జరిగిపోయినాయన్న మాట. మరి పురోహితుడు చదివిన మంత్రాలన్నీ ఎవరు విన్నట్టు?

ఆమె చెవిటిదని మీకు తెలిసే ఉంటుంది. ముప్పై ఏళ్ళ పైమాటే. రోజూ సాయంత్రం పడసాలలో ఆమె పక్కన చాప మీద కూర్చుని నా కష్టసుఖాలన్నీ చెప్పుకునేవాణ్ణి. వినపడని మనిషితో చెప్పుకోవడంలో ఒక సుఖం ఉంది, మధ్యలో అడ్డం రారు. అయినా ఆమెలో ఏదో మహిమ ఉండేదమ్మా. పులుసులో ఉప్పెక్కువైందని ఇవాళ నాలో నేను గొణుక్కుంటే రేపు సరిపోయేది. కొన్ని రోజులు అన్నంలో నెయ్యి ఎక్కువ పడేది, ఎందుకో అంతుపట్టేది కాదు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆమె పోయినా ఆ మహిమ పోలేదు. మొన్న పడసాలలో ఒక్కణ్ణే కూర్చుని "ఫ్యాను గాలి ఎక్కువైంది" అనుకున్నాను. స్నానం చేసి వచ్చేసరికి ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఇంట్లో ఎవరినడిగినా మేము ముట్టలేదన్నారు.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: సదరు చెవులను ఫ్రిజ్జులో పెట్టారా? ఆమెకు చలిగాలి పడదు. కార్తీకం వస్తే దూది పెట్టుకునేది. కాస్త దూది పెట్టండి.

*

పులివెందుల,
23-9-2024.

గురురాజారావు గారికి నమస్కారాలు.

మీరు కంగారు పడకండి. మేము తీసుకున్నది బయటికి కనిపించే చెవిని కాదు, లోపల తలలో ఉండే చిన్న ఎముకను. చెవి వెనక వేలు పెట్టి నొక్కితే గట్టిగా తగులుతుందే, అదే. కర్ణభేరి, శబ్దాన్ని మోసే మూడు బుల్లి ఎముకలు, నత్త ఆకారంలో ఉండే లోపలి చెవి అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఎముకను మందునీళ్ళలో మెత్తబరిచి, పల్చని పొరలుగా కోసి, సూక్ష్మదర్శినిలో చూస్తాము. మెత్తబడడానికే ఏడెనిమిది నెలలు పడుతుంది. అంతవరకు అవి నా గదిలో, అద్దాల బీరువాలో, రెండు సీసాల్లో ఉంటాయి.

ఫ్యాను సంగతి ఇంట్లో చిన్న పిల్లలెవరైనా ఉంటే వాళ్ళను అడిగి చూడండి. సీతమ్మ గారికి చెవుడు ఎలా మొదలైందో, మీరిద్దరూ పెళ్ళికి ముందే బంధువులేమో కూడా తెలియజేయండి.

భవదీయురాలు,
షబీనా.

తా.క.: దూది పెట్టలేదు. కానీ మీ ఉత్తరం చదివాక ఆ బీరువా పక్కనున్న ఏసీ ఆపించాను. ఎందుకు ఆపించానని నా సహాయకుడు అవినాష్ అడిగాడు. చలేస్తోందన్నాను.

*

జమ్మలమడుగు,
6-11-2024.

డాక్టరమ్మ గారికి ఆశీస్సులు.

అడిగిన వివరాలు రాస్తున్నాను. సదరు సీతమ్మ నాకు మేనత్త కూతురు. ఆమె తండ్రికి అరవై దాటాక చెవుడు వచ్చింది. ఈమెకు మాత్రం కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకే చెవుల్లో చీము పట్టి, ఎదురుగా అరిచినా వినపడకుండా పోయింది. కర్నూలు తీసుకుపోయి రెండు చెవులకూ ఆపరేషన్ చేయించాను. కట్లు విప్పి ఇంటికి తెచ్చిన రోజున మా అమ్మ వెనక నుంచి "ఏమే సీతా, వినపడతాందా? ఆ పిండి రుబ్బు" అని కేకేసింది. సీతమ్మ తల తిప్పలేదు. మా అమ్మ తల బాదుకుని, ఆ పిండి తనే రుబ్బింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమెకు ఒక్క పని చెప్పలేదు. ఆపరేషన్ తప్పిందని అందరం అనుకున్నాం, ఖర్మ అని ఊరుకున్నాం.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. నా మనవరాలు సింధూ, ఆరేళ్ళది. అవ్వ కొంగు వదిలేది కాదు. అవ్వ పోయినప్పటి నుంచి పిలిస్తే పలకదు. తనకు కావలసినప్పుడు మాట్లాడుతుంది, మనం మాట్లాడితే గోడను చూస్తుంది. ప్రొద్దుటూరు శిబిరంలో చెవులకు మిషన్ తగిలించి, చప్పుడు వినపడితే చెయ్యెత్తమన్నారు. ఒక్కసారి కూడా ఎత్తలేదు. అవ్వ చెవుడే దిగిందని అందరూ తేల్చేశారు. రాబోయే జూన్‌లో హైదరాబాదులో చెవిటి పిల్లల హాస్టల్లో చేర్పిస్తానని ఫణి పట్టు పట్టాడు. ఆ పిల్ల కూడా పోతే ఈ ఇంట్లో నాకు ఊపిరి ఆడదమ్మా. ఆ చెవుడు వంశంలో దిగేదా కాదా, మీరే తేల్చాలి.

ఇంట్లో వింతలు తగ్గలేదు. సీతమ్మకు నేను కొనిచ్చిన చెవి మిషన్, పెట్టుకున్నా వినపడదనేదే, అది ఆమె సొరుగులోనే ఉంది. సందె వేళ అందులో నుంచి సన్నగా ఈల వినపడుతోంది. తెరిచి చూస్తే ఆగిపోతుంది.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: ఎముక మెత్తబరుస్తున్నామని రాశారు. అంటే బాగు చేస్తున్నారనే గదా. వినపడడం మొదలైతే నా తరఫున దాని దగ్గర ఈ ముక్క చదవండి: "సీతా, అల్మారా బీగాలు యాడ పెట్టినావు? నీ ఆధార్ కార్డు దాంట్లోనే ఉంది. అది లేకుండా నువ్వు పోయినావని ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరంట."

*

పులివెందుల,
18-11-2024.

గురురాజారావు గారికి నమస్కారాలు.

మెత్తబరచడం అంటే బాగు చేయడం కాదండీ. ప్రాణం పోయిన చెవి వినదు. డాక్టరుగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

చెవి మిషన్ ఈల వేయడంలో వింతేమీ లేదు. ఆపకుండా మూసిన చోట పెడితే దాని చప్పుడే దానికి వినపడి కూస్తుంది. కానీ అందులో వేసే చిన్న బ్యాటరీ రెండు వారాలకు మించి రాదు. సీతమ్మ గారు పోయి మూడు నెలలైంది. అంటే ఎవరో బ్యాటరీలు మారుస్తున్నారు. ఎవరో కనుక్కోండి.

సింధూను ఒకసారి ఇక్కడికి తీసుకురండి. పిల్ల నిద్రపోతుండగా చెవిలో చప్పుడు వినిపించి, మెదడుకు చేరిందా లేదా కంప్యూటరులో చూసే పరీక్ష ఉంది. ఆ పరీక్షలో చెయ్యెత్తే పని లేదు, అబద్ధమాడే వీలూ లేదు.

భవదీయురాలు,
షబీనా.

తా.క.: మీ ముక్క చదవనని అనుకున్నాను. నిన్న అందరూ వెళ్ళిపోయాక చదివాను. ఏమీ జరగలేదు. జరగదని నాకు తెలుసు. కానీ ఈ మధ్య ఆ గదిలో మేమంతా గొంతు తగ్గించి మాట్లాడుతున్నాం, ఎవరూ అనుకుని చేసింది కాదు.
ఇంకొకటి. బీగాలు ఉప్పు జాడీ వెనక చూడండి. మా నానమ్మ ఖమర్‌బీ అక్కడే దాచేది. చదివి బయటికి వస్తుంటే ఎందుకో అదే గుర్తొచ్చింది.

*

జమ్మలమడుగు,
2-12-2024.

మహానుభావురాలు డాక్టరమ్మ గారికి,

ఉన్నాయి! ఉప్పు జాడీ వెనకే ఉన్నాయి!

మీ నానమ్మ గుర్తొచ్చిందని మీరు అనుకుంటున్నారు. అమ్మా, మీకు అది గుర్తు చేసింది ఎవరో నాకు తెలుసు.

అల్మారా తెరిచాను. ఆధార్ కార్డు దొరికింది. దాని కింద బిస్కెట్ డబ్బా ఉంది. మూత తీశాను. నేను నెలనెలా ప్రొద్దుటూరు పోయి కొనితెచ్చిన బ్యాటరీ అట్టలన్నీ అందులో ఉన్నాయి. ఏళ్ళ తరబడి తెచ్చినవి. పైనున్న ఒక్క అట్ట తప్ప ఒక్కటీ చింపలేదు. ఎంత పొదుపు చూడండి! మొగుడు ఎండలో బస్సెక్కి తెచ్చినవి ఖర్చు చేయడం ఇష్టం లేక, చెవుడు భరించి కూర్చుంది. మనిషి విలువ పోయాకే తెలుస్తుంది.

బీగాల సంగతి వీధిలో పాకింది. ఎదురింటి బట్టల అంగడి జయరామయ్య వచ్చి "మామా, అమ్మ చెవులు వింటాండాయంట గదా. ఆమె ముందర నేను ఏవేవో అనింటా. మనసులో పెట్టుకోవద్దని చెప్పు" అని బతిమాలాడు. ఏమన్నావప్పా అంటే చెప్పడు. ఆయన భార్య వేరేగా వచ్చి, మా ఆయన ఏమన్నాడో కనుక్కోమంది. దూరపు చుట్టాలు కూడా ఇదే మాదిరి ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. చెవిటిదని ఆమె ముందు నోరు జారని వాళ్ళు జమ్మలమడుగులో ఉన్నట్టు లేరు.

సింధూ పరీక్షకు ఇప్పుడు కుదరదు. మాకు ఏటిసూతకం. సంవత్సరీకం అయ్యేదాకా కొత్త పనులేవీ మొదలుపెట్టం. హాస్టలు మాత్రం కొత్త పని కాదా అంటే ఫణి "బడికి సూతకమేంది నాయనా" అంటాడు. తండ్రీకొడుకులం మాట్లాడుకోవడం లేదు.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: సింధూ రోజూ పడసాలలో అవ్వ కూర్చునే చోటు పక్కనే కూర్చుంటుంది. ఊరికే తలాడిస్తుంది. ఒక్కోసారి నవ్వుతుంది. చెవిటి పిల్ల దేనికి తలాడిస్తుందో అర్థం కాదు.

*

పులివెందుల,
19-5-2025.

గురురాజారావు గారికి నమస్కారాలు.

ఎముకల పరీక్ష పూర్తయింది. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. మీరు కూర్చుని చదవండి.

శిబిరంలో తీసుకున్న ఆమె రక్తంలో మేము వెతికిన జన్యువులన్నీ చూశాము. తరతరాలకు దిగే చెవుడుకు సంబంధించిన మార్పు ఒక్కటీ లేదు. తండ్రికి వచ్చింది ముసలితనం చెవుడు. కాబట్టి సింధూకు ఆమె నుంచి చెవుడు దిగే ప్రశ్నే లేదు.

ఇక చెవులు. చీము తిన్న చోట కర్నూలు డాక్టరు వేసిన అతుకు కర్ణభేరిలో చక్కగా కలిసిపోయింది. మూడు బుల్లి ఎముకలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు, ఆ వయసులో నేను ఇంతవరకు చూడనంత నిండుగా ఉన్నాయి. రెండో చెవీ అంతే. నమ్మలేక మా పెద్ద డాక్టరుకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఈమె చెవిటిదని ఎవరు చెప్పారు?" అన్నారు.

ఆపరేషన్ తప్పలేదు గురురాజారావు గారూ. అంత చక్కగా జరిగిన ఆపరేషన్ను నేను అరుదుగా చూశాను. ఆమెకు వినపడకపోవడానికి ఎముకలో ఏ కారణమూ లేదు. ముప్పై ఏళ్ళూ ఆమెకు అంతా వినపడింది. ఆ బ్యాటరీలు దాచింది పొదుపుకు కాదు.

ఇప్పుడు ఒకటి గుర్తొస్తోంది. శిబిరంలో ఆమె సంతకం చేస్తుంటే, పక్కనున్న నర్సు హసీనాతో మెల్లగా "ఈమె ఎందుకు ఇస్తోందో" అన్నాను. ఆమె తల వంచుకునే ఉంది. నా పెదవులు చూడలేదు. అయినా చెప్పింది: "నేను పోయినాక ఆయనకు తెలియాల. ముందే తెలిస్తే ఏమీ చెప్పడు." ఆ రోజు జనంలో దాన్ని నేను పట్టించుకోలేదు.

సింధూను హాస్టలుకు పంపే ముందు దయచేసి తీసుకురండి. సూతకం సంగతి మీ పురోహితుడితో నేను మాట్లాడతాను.

భవదీయురాలు,
షబీనా.

తా.క.: ఇక ఆ గదిలో నేను అసలు మాట్లాడడమే లేదు.

*

జమ్మలమడుగు,
27-5-2025.

చిరంజీవి సౌభాగ్యవతి షబీనాకు, నీ తాత వంటి గురురాజారావు ఆశీర్వదించి రాయునది.

ఇక నిన్ను మీరు అనలేనమ్మా. నా ఇంటి గుట్టు నాకంటే నీకు ముందు తెలిసింది.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. ముప్పై ఏళ్ళు ఆమె పక్కన కూర్చుని ఏమేం వాగానో గుర్తు చేసుకుంటూ ఉండిపోయాను. ఆమె వంటను తిట్టాను. ఆమె అన్నదమ్ములను తిట్టాను. సబ్ రిజిస్ట్రారు మాట పడి వచ్చిన రోజున చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఇంకొకటి కూడా చెప్పేవాణ్ణి. "నువ్వు లేకపోతే నాకెవరున్నారే సీతా" అని. మొగుడు పెళ్ళాంతో ముఖాన అనే మాటలా అది? మా ఇళ్ళలో అనరు. చెవిటిది గదా అన్న ధైర్యంతో అన్నాను. నెయ్యి ఎక్కువ పడింది ఆ రోజుల్లోనే అని ఇప్పుడు లెక్క కుదిరింది.

మొన్న సాయంత్రం పడసాలలో చాప వేసుకుని కూర్చున్నాను. సింధూ ఎప్పటి మాదిరే కొంచెం అవతల గోడను చూస్తూ కూర్చుంది. నేను ఆ పిల్ల వైపు తిరగలేదు. పూర్వం సీతమ్మతో చెప్పుకున్నట్టే, నా పక్కనున్న ఖాళీ చోటుతో మెల్లగా అన్నాను: "సీతా, సోమవారం ఫణి పిల్లను హాస్టల్లో ఇడిసిపెట్టి వస్తాడంట."

"నేను పోను తాతా!"

అన్నది సింధూయే! పిల్ల వచ్చి నా మెడ పట్టుకుని ఏడ్చింది. ఫ్యాను తగ్గించింది తనేనంట, స్టూలు వేసుకుని. బీగాలు అవ్వ ఎప్పుడో చూపించిందంట. మిషన్లో బ్యాటరీ వేసి, చెవిలో పెట్టుకుని ఆడుకునేదంట. బతికుండగా అవ్వా మనవరాలూ గుసగుసగా ఎన్ని ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళో, ఒక్క రోజు కూడా మా కంట పడలేదు.

"మరి ఇన్నాళ్ళూ పిలిస్తే ఎందుకు పలకలేదే?" అన్నాను.

"అవ్వ పలకొద్దనింది. పలికితే అందరూ పనులు చెప్తారంట. పలక్కపోతే అందరూ నిజాలు చెప్తారంట."

"ఎప్పుడనింది?"

"అప్పుడూ అనింది. ఇప్పుడూ అంటాంది."

"ఇప్పుడా? యాడుంది అవ్వ?"

సింధూ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "నీ పక్కనే గదా తాతా కూర్చోనుంది. రోజూ మాదిరే."

షబీనా, అబద్ధం రాయను. లేచి పరుగెత్తుదామనుకున్నాను. తర్వాత ఏమనుకున్నానో ఏమో, చాప మీద కొంచెం జరిగి చోటిచ్చాను. అన్నేళ్ళు గడగడా వాగినవాణ్ణి, పక్కన వినే మనిషి ఉందని తెలిసేసరికి ఏం చెప్పాలో తోచలేదు. చివరికి పాత మాటే, ఈసారి కొంచెం గట్టిగా అన్నాను.

హాస్టలు మాట రద్దయింది. ఫణి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, ఇద్దరం మాట్లాడుకున్నాం. గురువారం సింధూను నీ పరీక్షకు తెస్తున్నాం. చెయ్యెత్తమంటే రెండు చేతులూ ఎత్తుతానంటోంది.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: సదరు చెవులను తిరిగి పంపనక్కర లేదు. ఆమె వినడానికి వాటి అవసరం ఉన్నట్టు లేదు.

మళ్ళీ తా.క.: ఆ రాత్రి నా అన్నంలో నెయ్యి ఎక్కువ పడింది. కోడలు వైష్ణవి తను వేయలేదంటోంది. నెయ్యి గిన్నె ఉట్టి మీద ఉంటుంది, స్టూలెక్కినా సింధూకు అందదు. నేను ఎవరినీ మళ్ళీ అడగలేదు. కంచం నాకి మరీ తిన్నాను.